పత్తి ఏరే నెలలో పదో వారం అసైన్‌మెంట్

నేను మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ఆన్‌లైన్ కోర్సులు 11 ఉన్నాయి. మొన్న ఒక ఆదివారం పాత ఈమెయిళ్లన్నీ వెతికి ఈ లెక్క తేల్చాను. గణాంక శాస్త్రం నాలుగో వారంలో ఆగింది, ఖగోళ భౌతిక శాస్త్రం రెండో వారంలో ఆగింది. పైథాన్ మూడుసార్లు మొదలై మూడుసార్లూ ఒకే చోట, ఫంక్షన్ల అధ్యాయం దగ్గర, నిలిచిపోయింది. పూర్తి చేసినవి రెండే. నేను హనుమకొండలో ఒక డిగ్రీ కళాశాలలో ఇరవై ఏళ్లకు పైగా భౌతిక శాస్త్రం బోధిస్తున్నవాణ్ని. నెల తిరిగేసరికి జీతం వస్తుంది, ఇంట్లో ఒక గది, ఒక బల్ల, ఆగకుండా వచ్చే ఇంటర్నెట్ ఉన్నాయి, ఇంగ్లీషు ఉపన్యాసం విని అర్థం చేసుకోగలను. ఇన్ని ఉండి కూడా 13 కోర్సుల్లో 2 మాత్రమే గట్టెక్కాయి. 'ఈ కాలం పిల్లలకు పట్టుదల లేదండీ, ఉచితంగా దొరికినా చదవరు' అన్న మాట స్టాఫ్ రూములో వినబడినప్పుడల్లా ఈ లెక్క గుర్తొచ్చి నేను నోరు మెదపను.

పూర్తి చేసిన ఆ రెండింటి సంగతి కూడా చెప్పాలి. ఒకదాన్ని మా కళాశాలలోనే గణితం బోధించే మిత్రుడితో కలిసి చేశాను. ప్రతి సోమవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన 'ఈ వారం లెక్కలు చేశావా' అని అడిగేవాడు, చేయలేదని చెప్పడానికి సిగ్గుపడి ఆదివారం రాత్రి కూర్చునేవాణ్ని. రెండోది ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో పరీక్ష రుసుము 1000 రూపాయలు కట్టిన కోర్సు, కట్టిన డబ్బు పోతుందన్న బెంగతో పూర్తయింది. వదిలేసిన 11 కోర్సుల విషయంలో మాత్రం నేను ఎందుకు మానేశానో అడిగినవారు ఈ భూమ్మీద ఒక్కరూ లేరు.

నేను వాదించదలచింది ఇదే. ఉచిత ఆన్‌లైన్ కోర్సులు సగంలో ఆగిపోవడానికి నేర్చుకునేవారి సోమరితనమే కారణమని మనం సులభంగా తేల్చేస్తున్నాం. నిజానికి అక్కడ ఉచితంగా దొరుకుతున్నది పాఠం మాత్రమే. పాఠం చదువుగా మారాలంటే కావలసిన సరంజామా, అంటే అడగడానికి ఒక మనిషి, కూర్చోవడానికి ఒక చోటు, మెదడుకు పట్టే భాష, బతుకుదెరువుకు అడ్డు రాని కాలపట్టిక, వీటి ఖర్చంతా నేర్చుకునేవారి నెత్తిమీదే పడింది. ఆ ఖర్చు పెట్టుకోగలిగినవారు పూర్తి చేస్తున్నారు, మిగతావారు నిశ్శబ్దంగా తప్పుకుంటున్నారు.

ఈ కోర్సుల చరిత్ర పెద్దదేమీ కాదు. 2001లో అమెరికాలోని ఎమ్ఐటీ తన పాఠ్యసామగ్రిని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెడతామని ప్రకటించింది. 2003లో మన ఐఐటీలు, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి ఎన్‌పీటెల్‌ను మొదలుపెట్టాయి కాబట్టి, ఈ విషయంలో మనం వెనకబడి లేమన్నది గమనించాలి. 2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ నడిపిన ఒక కోర్సులో ఫీజు కట్టి చేరినవారు పాతికమందైతే, ఉచితంగా వచ్చి కలిసినవారు రెండు వేలకు పైగా ఉన్నారు. అలాంటి కోర్సులకు 'మూక్' (మాసివ్ ఓపెన్ ఆన్‌లైన్ కోర్స్) అన్న పొట్టిపేరు అప్పుడే పుట్టింది. ఆ మాట విన్నప్పుడల్లా తెలుగు చెవికి 'మూక' అనే వినిపిస్తుంది, అర్థం కూడా దాదాపు అదే కావడం నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. 2011లో స్టాన్‌ఫర్డ్‌లో సెబాస్టియన్ త్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధ మీద పెట్టిన కోర్సులో దాదాపు 1,60,000 మంది చేరారు. ఆ మరుసటి ఏడాదే త్రన్ సంస్థ యుడాసిటీ, దానితోపాటు కోర్సెరా, ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సంస్థలు పుట్టాయి. న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2012ను మూక్‌ల సంవత్సరమని పిలిచింది. ఇంకో 50 ఏళ్లలో ప్రపంచం మొత్తానికి పది ఉన్నత విద్యాసంస్థలే మిగులుతాయని త్రన్ ఆ రోజుల్లోనే అన్నాడు.

ఆ ఉత్సాహం నాకూ తగిలింది. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన మన ఎన్ఐటీ గోడ పక్కనుంచే నేను రోజూ కాజీపేట వైపు వెళ్లేవాణ్ని. మా కళాశాల పిల్లలకు ఆ గోడ అవతల చెప్పే పాఠం ఏనాడూ అందేది కాదు. ఇక ఆ గోడకు పని లేదని, ఎమ్ఐటీ పాఠమే పరకాలలో ఇంట్లో కూర్చుని వినవచ్చని తరగతిలో చెప్పాను. చెప్పడమే కాదు, గట్టిగా నమ్మాను. అంకెలు కూడా నమ్మేలాగే పెరిగాయి. 2021 నాటికి చైనాను మినహాయించి చూసినా ప్రపంచంలో ఇలాంటి కోర్సుల్లో చేరినవారు 22 కోట్లకు చేరారు, కోర్సులు ఇచ్చే విశ్వవిద్యాలయాలు 950 దాకా అయ్యాయి. కోర్సెరాలో ఏళ్ల తరబడి అమెరికా తర్వాత ఎక్కువమంది భారతీయులే.

చేరినవారి సంఖ్య పక్కన పూర్తి చేసినవారి సంఖ్య పెట్టి చూస్తే బొమ్మ మారిపోతుంది. 2012లో ఎడెక్స్ మొదటి కోర్సు, విద్యుత్ వలయాల మీద అనంత్ అగర్వాల్ బృందం నడిపినది, 1,54,763 మంది నమోదుతో మొదలై 7,157 మంది ఉత్తీర్ణతతో ముగిసింది. మంగోలియాకు చెందిన ఒక పదిహేనేళ్ల కుర్రవాడు అందులో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నాడన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. అది నిజమే, గొప్ప విషయమే. అయితే ఆ కుర్రవాడి కథ చెప్పినంత గట్టిగా మిగతా లక్షన్నర మంది కథ ఎవరూ చెప్పలేదు. ఎమ్ఐటీ, హార్వర్డ్ సంస్థలు ఎడెక్స్‌లో నడిపిన కోర్సుల్లోని 1.26 కోట్లకు పైగా నమోదులను పరిశీలించి జస్టిన్ రీచ్, హోసే రుయిపెరెజ్-వలియెంతే 2019 జనవరిలో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. అందులో తేలిందేమిటంటే, 2017-18లో కోర్సు పూర్తి చేసినవారు నూటికి 3.13 మంది మాత్రమే, పేరు నమోదు చేసుకున్నవారిలో సగానికి పైగా అసలు పాఠంలోకే అడుగుపెట్టలేదు. అదే ఏడాది డబ్బు కట్టి ధ్రువపత్రం కోసం చేరినవారిలో మాత్రం 46 శాతం పూర్తి చేశారు. నా 1000 రూపాయల బెంగ నా ఒక్కడిదే కాదని అప్పుడు అర్థమైంది.

ఇక్కడ ఒక తొందరపాటు ముగింపుకు అవకాశం ఉంది. ఉచితమైతే విలువ ఉండదు కాబట్టి అందరి దగ్గరా డబ్బు వసూలు చేయాలని కొందరు అంటారు. ఆ 46 శాతం మంది డబ్బు కట్టడం వల్ల పూర్తి చేశారా, లేక పూర్తి చేయగలిగే స్థితిలో ఉన్నవారే డబ్బు కట్టారా అన్నది చూడకుండా ఆ మాట అనకూడదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2013లో తన కోర్సెరా కోర్సుల విద్యార్థులను సర్వే చేసినప్పుడు నూటికి 83 మందికి అప్పటికే ఏదో ఒక కళాశాల పట్టా ఉంది. భారత్, చైనా, బ్రెజిల్ వంటి దేశాల నుంచి చేరినవారిలో దాదాపు 80 శాతం ఆయా దేశాల్లో అత్యంత సంపన్నులు, విద్యావంతులు అయిన 6 శాతం జనాభాకు చెందినవారే. లేనివారికోసం తవ్విన బావి దగ్గరికి బిందె ఉన్నవారే ముందు వచ్చారన్నమాట. అది వారి తప్పు కాదు, బిందె గురించి ఆలోచించకుండా బావి తవ్వినవారి తప్పు.

బిందె లేనివారికి ఇదే పాఠం ఇస్తే ఏమవుతుందో కాలిఫోర్నియాలో అదే సంవత్సరం చూశారు. శాన్ హోసే ప్రభుత్వ విశ్వవిద్యాలయం యుడాసిటీతో కలిసి ప్రాథమిక గణితం, బీజగణితం, గణాంక శాస్త్రం ఆన్‌లైన్‌లో నడిపింది. చేరినవారిలో గణితంలో ఇదివరకే తప్పినవారు, పేద ప్రాంతాల హైస్కూలు పిల్లలు ఉన్నారు. ఉత్తీర్ణత మామూలు తరగతి కంటే బాగా తగ్గిపోయి, జులై నాటికి ఆ ప్రయోగాన్ని ఆపి పునరాలోచనలో పడ్డారు. వేసవి జట్టులో ఫలితాలు మెరుగయ్యాయి గానీ, అందులో సగానికి పైగా అప్పటికే పట్టాలున్నవారు. ఏడాది తిరగకముందు పది విద్యాసంస్థల జోస్యం చెప్పిన త్రనే, తమ సరుకు నాసిరకంగా ఉందని ఒక పత్రికతో ఒప్పుకున్నాడు. వ్యాపారవేత్తలు తప్పు ఒప్పుకోవడం అరుదు కాబట్టి ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను. ఆ తర్వాత ఆయన సంస్థ పేదవారి కోసం దారి వెతకడం మాని కంపెనీ ఉద్యోగుల శిక్షణ వైపు మళ్లడం మాత్రం నాకు మింగుడు పడలేదు.

ఇదంతా దూరపు సంగతి. మా కళాశాల సంగతికి వస్తాను.

మూడేళ్ల కిందట బీఎస్సీ రెండో సంవత్సరంలో ఒక అమ్మాయి ఉండేది. పరకాల దాటి లోపలికి వెళ్లాల్సిన ఊరు, రెండెకరాల చెలక, పత్తి వేస్తారు. తరగతిలో ముందు వరుసలో కూర్చుని, అర్థం కాకపోతే చెయ్యెత్తి అడిగే నలుగురైదుగురిలో ఆమె ఒకతి. నేనే ప్రోత్సహించి ఒక 12 వారాల ఎన్‌పీటెల్ కోర్సులో చేర్పించాను. మొదటి ఏడు వారాలు ప్రతి అసైన్‌మెంట్ చేసింది, మార్కులు కూడా మంచివే వచ్చాయి. ఎనిమిదో వారంలో బతుకమ్మ సెలవులిచ్చారు, ఊరికి వెళ్లింది. ఊళ్లో ఇంటికి ఒకటే ఫోను, అది పొద్దంతా బాపు దగ్గర ఉంటుంది. సిగ్నల్ చెరువు కట్ట మీదికి వెళ్తే తప్ప వీడియో ఆడేంత రాదు. సెలవులు ముగిశాక కూడా పది రోజులు కళాశాలకు రాలేదు. పత్తి మొదటి తీత మొదలైంది, కూలీలకు ఇచ్చుకోలేక ఇంటిల్లిపాదీ చేలోనే ఉన్నారు. తిరిగి వచ్చేసరికి పదో వారం గడువు దాటింది.

నేను అడిగాను, మిగిలిన రెండు వారాలైనా చేయవచ్చు గదా అని. పన్నెండింటిలో మంచి మార్కులొచ్చిన ఎనిమిదే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి ఇంకా అవకాశం ఉందని కూడా చెప్పాను. ఆమె అన్న మాట నాకు అక్షరాలా గుర్తుంది. "సార్, ఆయన చెప్తుంటే అంత అర్థమైనట్టే ఉంటది. వీడియో బంద్ జేసినంక ఏం అర్థం కాలేదని అర్థమైతది. అప్పుడు ఎవర్ని అడగాలె?"

చర్చా వేదికలో అడగవచ్చు గదా అన్నాను. అడిగిందట. తనకు వచ్చిన ఇంగ్లీషులో ఒక ప్రశ్న రాయడానికి అరగంట పట్టిందట. జవాబు మూడు రోజులకు వచ్చింది, ఫలానా వీడియోలో ఫలానా నిమిషం మళ్లీ చూడమని. ఆ నిమిషమే తనకు అర్థం కానిదని చెప్పడానికి ఇంకో అరగంట ఇంగ్లీషు రాసే ఓపిక లేక ఊరుకుంది.

ఈ ఒక్క ఉదంతంలో నేను పైన చెప్పిన ఖర్చులన్నీ ఉన్నాయి. విశ్వవిద్యాలయాల కాలపట్టిక వేసేవారికి జులైలో మొదలై అక్టోబరులో ముగిసే కోర్సు సహజంగానే ఉంటుంది. మా ప్రాంతంలో అది పత్తి కలుపుతో మొదలై పత్తి తీతతో ముగుస్తుంది, మధ్యలో బతుకమ్మ, దసరా వస్తాయి. పోనీ జనవరి జట్టులో చేరమందామంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిర్చి ఏరుడు ఉంటుంది. ఏనుమాముల మార్కెట్‌కు ఎర్రటి బస్తాలు వరస కట్టే ఆ నెలల్లో మా తరగతి గదుల్లో కూడా హాజరు పలచబడుతుంది. తరగతి గదికైతే ఒక సౌలభ్యం ఉంది, పది రోజులు రాని పిల్లను పిలిచి పోయిన పాఠం మళ్లీ చెప్పగలను. సర్వర్‌కు ఆ పని చేతకాదు. బుధవారం రాత్రి 11:59 అంటే 11:59 అంతే.

భాష సంగతి ఇంకొంచెం విస్తరించి చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే ఇందులో మన ప్రాంతానికి ఒక పాత అనుభవం ఉంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు ఇంగ్లీషు కాకుండా ఉర్దూను బోధనా భాషగా పెట్టుకుంది. ఆ నిర్ణయం గాలిలో జరగలేదు. పాఠాలు మొదలు కావడానికి ముందే, 1917లోనే, హైదరాబాదులో ఒక అనువాద విభాగాన్ని స్థాపించి, పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, పారిభాషిక పదాలు తయారు చేయించి, పుస్తకాలు అనువదింపజేశారు. సంస్థానంలో అత్యధికులు మాట్లాడే తెలుగుకు ఆ భాగ్యం పట్టలేదన్నది వేరే బాధ, దాని గురించి మరెప్పుడైనా రాస్తాను. తెలుగుకు ఆ పని చేయడానికి 1968లో తెలుగు అకాడమి వచ్చింది. నేను ఇంటర్ చదివింది అకాడమి పుస్తకాలతోనే, 'విద్యుత్ క్షేత్రం', 'అభివాహం', 'జడత్వ భ్రామకం' అన్న మాటలు నాకు అక్కడే దొరికాయి.

ఇప్పుడు ఎన్‌పీటెల్ కొన్ని పాఠాలను తెలుగు సహా భారతీయ భాషల్లోకి తెస్తోంది, అందులో మనుషులు సరిచూసినవి బాగానే ఉన్నాయి. అయితే యంత్రం దానంతటదే వేసే తెలుగు అక్షరాల సంగతి వేరు. ఒక విదేశీ కోర్సు చూస్తుండగా తెర కింద 'విద్యుత్ పొలంలో ఒక ఆరోపణను ఉంచినప్పుడు' అని వచ్చింది. విద్యుత్ క్షేత్రం పొలం అయింది, ఆవేశం ఆరోపణ అయింది. రైతుల పిల్లలు నిండిన మా తరగతి ఆ రోజు పగలబడి నవ్వింది, నేను కూడా నవ్వాను. తరగతిలో పక్కన నేనున్నాను కాబట్టి అది నవ్వు అయింది. ఒంటరిగా చెరువు కట్ట మీద కూర్చుని చూసే పిల్లకు అది తన తెలివితక్కువతనంలా అనిపిస్తుంది. అనువాదానికి యంత్రాన్ని వాడవద్దని నేను అనను, 1917లో పండితులు ఏళ్లు పట్టి చేసిన పని యంత్రం నిమిషాల్లో ముసాయిదాగా ఇస్తుంటే వద్దనడం మూర్ఖత్వం. ఆ ముసాయిదాను ఒక భౌతిక శాస్త్రం తెలిసిన తెలుగువాడు చదివి దిద్దాలి, దిద్దినందుకు అతనికి డబ్బివ్వాలి.

ఉచితం అన్న మాట కూడా ఏళ్లు గడిచేకొద్దీ సన్నబడింది. మొదట్లో పాఠం, పరీక్ష, ధ్రువపత్రం అన్నీ ఉచితంగానే ఉండేవి. తర్వాత ధ్రువపత్రానికి డబ్బన్నారు, తర్వాత మార్కులిచ్చే అసైన్‌మెంట్లకు డబ్బన్నారు, చివరికి చాలా చోట్ల ఉచితం అంటే వీడియో చూసి వెళ్లిపోవడమే అయింది. ఎమ్ఐటీ, హార్వర్డ్ కలిసి లాభాపేక్ష లేని సంస్థగా స్థాపించిన ఎడెక్స్‌ను 2021లో 2యూ అనే వ్యాపార సంస్థ 80 కోట్ల డాలర్లకు కొన్నది, 2024లో ఆ 2యూ దివాలా రక్షణ కోరింది. కోర్సెరా 2021లోనే షేర్ మార్కెట్‌కు వెళ్లింది. నడపడానికి డబ్బు కావాలి, అది ఎవరో ఒకరు పెట్టాలి, కాబట్టి వారిని తిట్టి లాభం లేదు. కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం', ఎన్‌పీటెల్ ప్రజల పన్నుతో నడుస్తున్నందువల్లే అక్కడ పాఠం, వారం వారం అసైన్‌మెంటు ఇప్పటికీ ఉచితంగా ఉన్నాయి. ఇది మనం గట్టిగా పట్టుకోవలసిన విషయం.

అయితే మన దగ్గర ఇంకో జబ్బు మొదలైంది. స్వయం కోర్సుల ద్వారా ఒక సెమిస్టర్‌లో 20 శాతం దాకా క్రెడిట్లు తెచ్చుకోవచ్చని యూజీసీ 2016లో అనుమతించింది, 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. ఉద్దేశం మంచిదే. కింది స్థాయికి వచ్చేసరికి అది ఎలా మారిందో చెబితే, ఒక కళాశాలలో నాకు తెలిసిన అధ్యాపకుడు ప్రతి సెమిస్టర్‌కు తన విభాగం నుంచి ఇంతమంది చేరాలని లక్ష్యం ఇచ్చి తలకు చుట్టారని వాపోయాడు. గుర్తింపు కోసం వచ్చే బృందానికి ఆ అంకె చూపాలి. పిల్లలు చేరతారు, వాట్సాప్ గుంపులో ఎవరో జవాబులు పెడతారు, పది నిమిషాల్లో నొక్కేస్తారు. అసైన్‌మెంట్లకు 25 మార్కులు అలా నిండుతాయి, 75 మార్కుల పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాల్సి వచ్చేసరికి బండారం బయటపడుతుంది. దొంగ జవాబులు నొక్కిన పిల్లవాణ్ని నేను సమర్థించను. కాకపోతే, అర్థం కానప్పుడు అడగడానికి మనిషిని ఇవ్వకుండా అంకె మాత్రం అడిగితే, అంకె మాత్రమే వస్తుంది.

నా వాదనకు బలమైన ఎదురువాదం ఒకటుంది, దాన్ని దాటవేయలేను. పూర్తి చేసినవారి శాతాన్ని కొలబద్దగా పెట్టుకోవడమే తప్పు అంటారు కొందరు. గ్రంథాలయంలో పుస్తకం తీసి రెండు అధ్యాయాలు చదివి పెట్టేసినవాణ్ని తప్పినవాడని అనం గదా అని వారి ప్రశ్న. నా మేనల్లుడు నర్సంపేటలో ఇన్వర్టర్లు, మోటార్లు బాగు చేసే దుకాణం నడుపుతాడు. పవర్ ఎలక్ట్రానిక్స్ మీద ఒక కోర్సులో సరిగ్గా మూడు వారాలు చూశాడు, తనకు కావలసిన స్విచ్చింగ్ సర్క్యూట్ భాగం దొరికాక మానేశాడు. "మామా, నాకు గంతే కావాలె, మిగతాది నాకేం పని" అన్నాడు. లెక్కల్లో వాడు పూర్తి చేయనివాడే, కానీ వాడి దుకాణంలో ఇప్పుడు అదివరకు తిప్పి పంపిన సరుకు బాగవుతోంది. నేను వదిలేసిన ఖగోళ భౌతిక శాస్త్రం కూడా నన్ను కొంత సంతోషపెట్టే వదిలింది.

ఈ వాదనను నేను సగం ఒప్పుకుంటాను. ఏం కావాలో ముందే తెలిసినవాడికి, అది దొరికిందో లేదో తనే చెప్పుకోగలిగినవాడికి, శాతాలతో పని లేదు. మేనల్లుడికి తన ప్రశ్న తెలుసు, ప్రశ్నకు సమాధానం వస్తే మోటారు తిరుగుతుంది. పరకాల అమ్మాయి పరిస్థితి అది కాదు. ఆమెకు కావలసింది ఒక పునాది, ఒక ధ్రువపత్రం, ఎమ్మెస్సీ సీటుకో ఉద్యోగానికో ఉపయోగపడే ఆధారం. ఆమె మానేసినప్పుడు ఏదో దొరికి మానేయలేదు. ఇద్దర్నీ ఒకే గంపలో వేసి, అంతా గ్రంథాలయం లాంటిదేలే అని సర్దుకోవడం మనకు సుఖంగా ఉంటుంది కాబట్టే నాకు ఆ పోలిక మీద అనుమానం.

చవకగా ఈ చిక్కు విప్పే ప్రయత్నాలు కూడా జరిగాయి. 2017లో రెనె కిజిల్చెక్, ఆయన సహచరులు కోర్సు మొదట్లో చిన్న రాత పని ఒకటి చేయిస్తే వెనకబడిన దేశాల విద్యార్థులు పూర్తి చేసే శాతం పెరుగుతుందని చూపారు. నేను చాలా ఆశపడ్డాను. ఆ బృందమే అలాంటి పద్ధతులను దాదాపు 250 కోర్సుల్లో పరీక్షించి, ముందు అనుకున్నంత ప్రభావం కనబడలేదని 2020లో ప్రకటించింది. అదే 2020 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో బడిపిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్లలో పాఠాలు నడిచాయి. ఆ రోజుల్లో పనిచేసింది ఏదైనా ఉంటే, ఊళ్లో తిరిగి పిల్లలు టీవీ ముందు కూర్చున్నారో లేదో చూసి, అర్థం కానిది చెట్టు కింద చెప్పిన ఉపాధ్యాయుల తిరుగుడే.

ఈ ముక్క మనకు నలభై ఏళ్ల కిందటే తెలుసు. కరీంనగర్ ప్రాంతంలో పుట్టిన ఆచార్య జి. రాంరెడ్డి 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు, 1985లో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ ఆయనే తొలి ఉపకులపతి. నేడు అంబేడ్కర్ పేరుతో ఉన్న ఆ విశ్వవిద్యాలయం పుస్తకాలు పంపి ఊరుకోలేదు, రేడియో పాఠాలతోనూ సరిపెట్టుకోలేదు. ఊరూరా ఉన్న కళాశాలల్లోనే అధ్యయన కేంద్రాలు తెరిచి, ఆదివారాలు ఖాళీగా ఉండే గదుల్లో స్థానిక అధ్యాపకులతో తరగతులు పెట్టించింది. పదేళ్లపాటు ఆ ఆదివారం తరగతులు నేనూ చెప్పాను. ఆర్టీసీ కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేసే ఒక పెద్దమనిషి నా విద్యార్థులు. ఒక కండక్టరు డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు, కునుకు తీసేవాడు, లేచి "సార్, మల్లొక్కసారి చెప్పున్రి" అనేవాడు. ఆ 'మల్లొక్కసారి' కోసమే ఆయన అంత దూరం వచ్చేవాడని నాకు అప్పుడు తట్టలేదు. ఇంట్లో పుస్తకం ఎలాగూ ఉంది.

ఉచిత కోర్సుల వల్ల ప్రపంచంలో అత్యుత్తమ ఉపన్యాసం పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నప్పుడు, ఉపన్యాసానికి పెట్టాల్సిన ప్రభుత్వ ధనం మిగిలినట్టే. ఆ మిగులును తీసుకెళ్లి ఇంకో యాప్‌లో పోయకుండా గదుల్లో, మనుషుల మీద పెట్టమని నేను అడుగుతున్నాను. మండల కేంద్రాల్లోని శాఖా గ్రంథాలయాలకు నాలుగు కంప్యూటర్లు, వారానికి రెండు సాయంత్రాలు వచ్చి కూర్చునే ఒక పీజీ విద్యార్థికి గౌరవ వేతనం, పత్తి, మిర్చి కాలాలు చూసి గడువులు జరిపే వెసులుబాటు ఇస్తే చాలు. మన గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పిల్లలు పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకుని రాత్రి దాకా కదలకుండా చదువుతారు. వారికి పట్టుదల లేదనే ధైర్యం నాకైతే లేదు. వారి పక్కన అదే పుస్తకంతో ఇంకో యాభైమంది కూర్చున్నారు, తేడా అక్కడుంది.

ప్రభుత్వం చేసేలోగా మేం ఒక చిన్న పని చేశాం. కిందటేడు మా విభాగంలో ప్రయోగశాల పక్కనున్న గది మంగళవారం సాయంత్రాలు తెరిచి ఉంచాం. తొమ్మిదిమంది ఒకే ఎన్‌పీటెల్ కోర్సులో చేరారు. వీడియో అందరం కలిసి సగం సగం ఆపుతూ చూస్తాం, ఆపిన ప్రతిసారీ ఎవరో ఒకరు తెలుగులో మళ్లీ చెప్పాలి. దసరా ముందు వారాల పాఠాలు ఫోన్లలోకి దించి ఊళ్లకు పంపాం. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీలో టికెట్టు లేకపోవడం వల్ల ఆరున్నర బస్సు దాకా ఆగడానికి ఇళ్లలో పెద్దగా అభ్యంతరం రాలేదు. తొమ్మిదిమందిలో ఆరుగురు పరీక్ష రాశారు, ఐదుగురు పాసయ్యారు. ముగ్గురు మానేశారు. వారిలో ఒకరు పెళ్లి కుదిరి, ఒకరు హైదరాబాదులో పని దొరికి మానేశారు. మూడో అబ్బాయి ఎందుకు మానేశాడో కనుక్కోవడానికి నేను రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు, మళ్లీ చేస్తాను. ఇంత చిన్న అంకెతో ఏ సిద్ధాంతమూ నిలబెట్టలేనని నాకు తెలుసు, పైగా ఈ పిల్లలు నా కళ్లెదుటి పిల్లలు.

పరకాల అమ్మాయి ఇప్పుడు కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదువుతోంది. అప్పుడు వదిలేసిన కోర్సునే ఈ జులైలో మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి మా గదిలో కూర్చుని, ఎనిమిదిమంది చిన్నవారికి అర్థం కానిది విడమరిచి చెబుతూ. పత్తి తీతకు వెళ్లే వారాల కోసం ముందే నాలుగు అసైన్‌మెంట్ల పాఠాలు దించిపెట్టుకుంది. గడువు బుధవారం రాత్రి కాబట్టి మంగళవారం నాకు పరీక్షల విధులు పడినా గది ఆగకూడదని, తాళంచెవి ఒకటి ఆమె దగ్గరే ఉంచమని అటెండరుకు చెప్పాను.